బేదులకు జ్యూసు డబ్బా మందు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. చిన్నపేగు పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అవసరం వచ్చిన రోజున మాత్రం అది నాకు గుర్తుకు రాలేదు.

2025 మే నెలలో రెండేళ్ల మా మనవడికి మబ్బుతో బేదులు మొదలైనాయి. పొద్దెక్కేసరికి ఏడెనిమిదిసార్లు అయినాయి. అల్లుడు మెడికల్ షాపుకు పరిగెత్తి ఆపిల్ బొమ్మ ఉన్న చిన్న డబ్బాలు మూడు తెచ్చాడు. వాటి మీద పెద్దక్షరాలతో ఓఆర్‌ఎస్ అని, అంటే బేదులకు తాపే ఉప్పు-గ్లూకోజు నీళ్ల మందని, ఉంది. తియ్యగా ఉందని పిల్లోడు గటగటా తాగేశాడు. తాగేకొద్దీ ఇంకా నీళ్లనీళ్లగా పోతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. ఆస్పత్రిలో నర్సమ్మ వాడి పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే సర్దుకోలేదు. "ఏం తాపినారమ్మా?" అని అడిగితే మా అమ్మాయి ధీమాగా డబ్బా చూపించింది. నర్సమ్మ ఏమీ అనలేదు. ఒక ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ చించి లీటరు నీళ్లలో కలిపి, చెంచా అమ్మాయి చేతికిచ్చి, "రెండు నిమిషాలకొక చెంచా, తొందరపడొద్దు" అంది. రాత్రంతా ఆ చెంచాతోనే గడిచింది. తెల్లారి వాడు ఒంటికి పోసుకున్నాకగానీ మాకు టెన్షన్ తగ్గలేదు.

ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని ఆ డబ్బా వెనకున్న చిన్నక్షరాలు చదివాను. వంద మిల్లీలీటర్లకు పదకొండు గ్రాముల పైన చక్కెర. అంటే లీటరుకు 110 గ్రాముల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది. దాంతోపాటు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు.

చక్కెర కాస్త ఎక్కువైతే కొంప మునుగుతుందా అనేవాళ్లకు పేగు సంగతి కొంచెం చెప్పాలి. దాదాపు ఆరు మీటర్ల చిన్నపేగు గోడల్లో లీబర్‌కూన్ గుహికలని సన్నటి గుంటలుంటాయి. రోజుకు లీటరుకు పైగా ఆంత్రరసం అక్కడినుంచే ఊరుతుంది. దానికి లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, మనం తాగే నీళ్లు కలిపితే రోజుకు తొమ్మిది లీటర్ల దాకా పేగులోకి చేరుతుంది. మలంతో బయటికి పోయేది నూరు, రెండు నూర్ల మిల్లీలీటర్లు. మిగతాదంతా పేగులే మళ్లీ ఒంట్లోకి ఇంకించుకుంటాయి. ఊట ఎంతో, ఇంకుడు ఎంతో సీమ రైతుకు వేరే చెప్పాలా? బేదులంటే ఆ ఊట పెరగడమో, ఇంకుడు తగ్గడమో, రెండూనో. కలరా విషం ఊటను కట్ట తెగినట్టు పెంచుతుంది. 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ డే కుందేలు పేగుల మీద ప్రయోగం చేసి చూపించింది దీన్నే.

ఊట ఎంత పెరిగినా గ్లూకోజు, సోడియం జతగా ఒంట్లోకి పోయే దారి చెడిపోదు. వాటి వెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో కలిపి తాపించింది ఈ జత కలిసిన నీళ్లే. పాళ్లు తప్పి చక్కెర మించితే మాత్రం కథ తిరగబడుతుంది. పేగులో చిక్కగా ఉన్న ఆ తీపి ఒంట్లోని నీటినే బయటికి లాగుతుంది. మా పిల్లోడికి జరిగింది అదే. మేం పరీక్షలకు ఎంటిరోకైనేజ్ అనే పేగు ఎంజైము ఏం చేస్తుందో బట్టీ పట్టించాం కానీ, ఈ ముక్క ఒక్క ఏడాదీ బోర్డు మీద రాయలేదు.

ఇలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని ఆహార భద్రతా సంస్థ 2022లో ఒకసారి చెప్పింది. తర్వాత చిన్న హెచ్చరిక వేస్తే చాలని సడలించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే 2025 అక్టోబరు 14న ఆ సడలింపు రద్దయింది. ఇప్పుడు పేరు మారింది. డబ్బా అదే అరలో ఉంది. బేదులంటే షాపు కుర్రాడి చెయ్యి పొడి ప్యాకెట్ వైపు పోవడం లేదు. దాంట్లో లాభం తక్కువేమో.

మన జిల్లాకు ఇది చిన్న విషయం కాదు. 2021 ఏప్రిల్‌లో, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న పాణ్యం మండలం గోరుకల్లులోనూ, ఆదోనిలోనూ బేదులు ప్రబలి ప్రాణాలు పోయాయి. కుళాయి పైపుల్లోకి మురుగు కలవకుండా చూడటం పెద్ద పని, దానికి వేరే ఉత్తరం రాయాలి. ఇదైతే చేతిలో పని. ఎండలు ముదరకముందే అధికారులు మెడికల్ షాపుల అరలు ఒకసారి చూడాలి. ప్రతి సచివాలయంలో, అంగన్‌వాడీలో పొడి ప్యాకెట్లు, జింకు మాత్రలు ఎదురుగా కనిపించేలా పెట్టాలి. జింకు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు వారాలు. బేదులు ఆగినాయని మధ్యలో మానేయకూడదు. కలిపే పద్ధతి తెలుగుతోపాటు ఉర్దూలోనూ, ఆదోని వైపు కన్నడంలోనూ గోడ మీద రాయించాలి. బేదులప్పుడు "పొట్ట ఎండబెట్టు" అని తల్లిపాలు మాన్పించే అవ్వలకూ ఆ గోడే సమాధానం చెప్పాలి.

మా వార్డు సచివాలయంలో అడిగితే, "ప్యాకెట్లు ఇక్కడ పెట్టం సార్, ఆస్పత్రికి పోండి" అన్నారు. ప్యాకెట్ దొరకని రాత్రికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఇంతవరకైనా దయచేసి అచ్చు వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ జీవశాస్త్రం మాస్టారు,
కర్నూలు