నల్లగొండ చాచాకు గట్టుప్పల్ నుంచి కృతజ్ఞతలు

నల్లగొండ ప్రకాశం బజారు వైపు పాత టీవీలు, మిక్సీలు బాగుచేసే చాచాకు ఈ నాలుగు మాటలు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన చేతి పని చూసినవాళ్లకు ఎవరి గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది.

మాది చీరలు నేసే ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మ పోగులు పట్టే ఆసు దగ్గర, నేను కంప్యూటర్ ముందు. చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట పోగులను ముడివేసేటప్పుడు, ఏ పోగుల కట్టకు ఎక్కడ ముడి పడాలో గళ్ల కాగితం చెబుతుంది. తొమ్మిదేళ్లుగా ఆ గళ్లను నేను కంప్యూటర్‌లోనే గీస్తున్నాను. ఒక్క గడి తప్పినా చీర పొడవునా ఆ తప్పు కనిపిస్తుంది. పెళ్లి చీరల డిజైను సగంలో ఉండగా కంప్యూటర్ ఆగిపోయింది.

మొదట చూపించిన చోట మూత కూడా తీయలేదు. మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన బోర్డు, పోయింది, కొత్త కంప్యూటర్ కొనుక్కోండి అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తెల్లారి దాన్ని పాత దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నల్లగొండ బస్సెక్కాను.

చాచా ముందు అడిగింది ఒకటే: "ఆగిపోక ముందు ఎలా ఉండేది బిడ్డా?"

పది రోజులుగా పొద్దున్నే మొరాయించేదని, స్విచ్చు పదిసార్లు నొక్కితే గానీ లేచేది కాదని, ఒకసారి లేస్తే రాత్రి దాకా బాగానే నడిచేదని చెప్పాను. ఆయన తల ఊపి, "చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక నడిచిందంటే కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. కానీ కొలవకుండా చెప్పను" అన్నారు. కెపాసిటర్ అంటే కరెంటును కాస్త నిలవ ఉంచే చిన్న డబ్బాలాంటి భాగం.

కొలిచారు. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని నుంచి వచ్చే తీగల్లో ఊదా రంగుది ఒకటుంటుంది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ, కంప్యూటర్ నడవకపోయినా, అందులో 5 వోల్టులు ఉండాలట. మనం స్విచ్చు నొక్కిన సంగతి మదర్‌బోర్డుకు తెలిసేది ఆ కరెంటు వల్లనే. మీటర్‌లో అంకె 2 దగ్గర ఊగుతూ ఉండిపోయింది. "నీ బోర్డును అనవసరంగా తిట్టారు" అన్నారు చాచా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాది సన్నపాటి క్యాబినెట్. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. ఉన్నదాన్నే బాగుచేయాలి. పెట్టె విప్పే ముందు నన్ను వెనక్కి జరగమన్నారు. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండవచ్చట. బల్బు హోల్డరు తీగలు దానికి ఆనించగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. తెలియనివాళ్లు దీన్ని ఇంట్లో విప్పకూడదని అప్పుడే గట్టిగా చెప్పారు.

లోపల రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది. అసలు దోషం వాటిది కాదు. ఊదా తీగకు ఆ 5 వోల్టులు ఇచ్చే స్టాండ్‌బై ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చింతగింజంత కెపాసిటర్, పైకి కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని ఊడదీసి మీటర్‌లో పెట్టారు. ఒంటి మీద 47 మైక్రోఫారడ్లని రాసి ఉంది, మీటర్‌లో 4 కూడా రాలేదు. మూడింటి స్థానంలో 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి వేశారు. సోల్డర్ పెట్టే ముందు ప్రతిదాని మీదా మైనస్ వైపు తెల్ల చారను వేలితో తడిమి చూశారు. అమ్మ ముడి బిగించే ముందు గుర్తును అలాగే తడుముతుంది.

నేరుగా కరెంటు ఇవ్వలేదు. 100 వాట్ల బల్బును సీరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే వెళ్లేలా, పెట్టి ప్లగ్గు పెట్టారు. బల్బు భగ్గున వెలిగి మెల్లగా మందగించింది. వెలుగుతూనే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టట. తర్వాత ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపితే, అది స్విచ్చు నొక్కినట్టేనట, ఫ్యాను తిరిగింది. ఆ చప్పుడు ఇంత తియ్యగా ఉంటుందని అనుకోలేదు. తీగల్లో వోల్టులు కొలిస్తే ఊదా 5.08, ఎరుపు 5.03, పసుపు 12.1, నారింజ 3.34. ఉండాల్సినదానికి 5 శాతం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదంటూ, అంకెలన్నీ నాచేతే కాగితం మీద రాయించారు.

అక్కడితోనూ వదల్లేదు. భారం పడితే తట్టుకుంటుందో లేదో చూడటానికి పాత హార్డ్ డిస్కు, కారు బల్బు తగిలించి గంటసేపు నడిపించారు. నన్ను కాపలా ఉంచి అసర్ నమాజుకు వెళ్లొచ్చి, అంకెలన్నీ మళ్లీ కొలిచారు.

150 రూపాయలు తీసుకున్నారు. 500 నోటు ఇస్తే చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టి, చాయ్ తెప్పించారు. నేను లేచేటప్పుడు, "కంప్యూటర్ పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటుందా?" అని అడిగారు. ఏళ్ల తరబడి అంటోంది, కంప్యూటర్ అంటే అంతే కాబోలు అనుకున్నాం. ఎర్తింగ్ లేకపోతేనే అలా ఉంటుందట. మరునాడే నాన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి, ఎర్త్ తీగ లాగించారు. ఇప్పుడు జిల్లుమనడం లేదు.

జరిగినదంతా విని నాన్న, "పోగు ఎక్కడ తెగిందో వెతకకుండా పడుగు కోసేస్తామా, ఆయన మనలాంటి మనిషే" అన్నారు.

చాచా, మీరు రాయించిన కాగితాన్ని క్యాబినెట్ పక్కనే అంటించాను. డిజైను పూర్తయింది, అమ్మ చిటికి కట్టడం మొదలుపెట్టింది. శనివారం నల్లగొండ వస్తున్నాం. నాన్న మిమ్మల్ని చూడాలంటున్నారు.