నాలుగు రోజుల సెలవులో నడుం వాల్చిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన యూరప్ వాళ్ల మీద గట్టిగానే విరుచుకుపడ్డారు. వారానికి 35 గంటలు పనిచేసి, ఏదో ఒక పండగ పేరు చెప్పి సెలవులు పెట్టి, మిగతా టైమంతా కాఫీ షాపుల ముందు కూర్చుంటారట, అందుకే వెనకబడిపోతున్నారట, అక్కడికి వెళ్లిన మన పిల్లలకీ అదే జబ్బు అంటుకుంటోందట. మేముండేది ఫ్రాన్స్‌లో, తులూజ్ ఊరి శివార్లలో. మా ఆయన విమానాల తయారీకి సంబంధించిన ఒక ఇంజినీరింగ్ కంపెనీలో చేస్తారు, నేను వారానికి మూడు రోజులు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అంటే ఆ జబ్బు అంటుకున్నవాళ్లలో మేమూ ఉన్నట్టే. మొన్న మే 14 నుంచి 17 దాకా మాకు నాలుగు రోజుల సెలవు గడిచింది. గడిచింది అనేకంటే గట్టెక్కాం అంటే సరిపోతుంది.

సెలవుల సంగతి ముందు చెప్తాను. ఇక్కడ దేశమంతటికీ కలిపి ఏడాదికి 11 ప్రభుత్వ సెలవులు, జర్మనీ సరిహద్దు దగ్గరి అల్సాస్, మోజెల్ వాళ్లకి మాత్రం ఇంకో రెండు ఎక్కువ. సంక్రాంతికీ దసరాకీ మనకొచ్చే సెలవులతో పోల్చుకుంటే ఇదేమంత ఎక్కువ కాదు. కాకపోతే వాటిలో నాలుగు ఈసారి మే నెలలోనే వచ్చి పడ్డాయి. ఈ ఏడాది 1, 8 తేదీలు శుక్రవారాలు, 14 గురువారం, 25 సోమవారం. ఆ గురువారం ఏసుక్రీస్తు స్వర్గారోహణ దినం, ఈస్టర్ నుంచి లెక్కేస్తే నలభయ్యో రోజు, కాబట్టి ఎప్పుడూ గురువారమే వస్తుంది. 1905లో చట్టం చేసి మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన దేశం చర్చి సెలవులు మాత్రం జాగ్రత్తగా అట్టేపెట్టుకుంది, అది వేరే విషయం. గురువారం సెలవొచ్చింది కాబట్టి శుక్రవారం ఒక్కటీ లీవు పెడితే ఆదివారం దాకా కలిసొస్తుంది, దాన్ని వీళ్లు వంతెన కట్టడం అంటారు. బడులు కూడా ఆ శుక్రవారం మూసేస్తారు, అంటే పిల్లలున్నవాళ్లకి ఇష్టమున్నా లేకపోయినా వంతెన కట్టక తప్పదు.

ఇంకో మాట, 35 గంటలు అందరికీ కాదు. మా ఆయనలాంటి ఇంజినీర్లలో చాలామందికి గంటల లెక్కే లేదు, ఏడాదికి 218 రోజులు పనిచేయాలని ఒప్పందం ఉంటుంది, డెడ్‌లైన్ దగ్గరపడితే రాత్రి ఎనిమిదింటికి కూడా ఇంటికి రారు.

సెలవు ముందు బుధవారం సాయంత్రం సగం దేశం కార్లెక్కుతుంది. ఇక్కడ బిజోన్ ఫ్యూతే అని 1976 నుంచి ప్రభుత్వ ట్రాఫిక్ సేవ ఒకటుంది, ఏ రోజు రోడ్లు ఎలా ఉంటాయో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే చెప్పేస్తుంది. అది చూసుకునే జనం బయల్దేరతారు, చూసుకుని కూడా వెళ్లి ఇరుక్కుంటారు. మేం ఆ జోలికి పోలేదు. తెనాలి నుంచి అత్తయ్య వచ్చి ఉన్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా చలికాలం అంతా వాయిదా వేసిన ఇంటిపని కొండలా పేరుకుపోయి ఉంది.

గురువారం పొద్దున్న పదింటికి మొదలైంది. సరిగ్గా పదింటికే ఎందుకంటే మా మునిసిపాలిటీలో ఆదివారాలూ సెలవురోజులూ గడ్డి కోసే మెషీన్ పది నుంచి పన్నెండు దాకానే నడపాలి. అందుకని పది కొట్టగానే వీధిలో అన్ని ఇళ్ల వెనకా ఒకేసారి గుర్రుమని మొదలవుతాయి, పన్నెండవగానే టపీమని ఆగిపోతాయి. ఈ రెండు గంటల్లో మా ఆయన ఒకచోట కోస్తుంటే ఇంకోచోట వైరు తెగింది. అత్తయ్య వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. "అదేంట్రా, ఇంత జీతమిచ్చి నీచేత గడ్డి కోయిస్తున్నారా ఇక్కడ" అన్నారు. "ఎవరూ కోయించట్లేదమ్మా, కోయకపోతే పక్కింటాయన వచ్చి అడుగుతాడు" అని ఈయన.

శుక్రవారం చెత్త యార్డు. పాత పరుపు, విరిగిన బల్ల, కొమ్మలు, చెడిపోయిన మైక్రోవేవ్, ఇవన్నీ కారులో వేసుకుని మనమే తీసుకెళ్లాలి, అక్కడ చెక్క ఒక డబ్బాలో, ఇనుము ఒక డబ్బాలో, ఆకులలములు ఇంకోదాంట్లో, కరెంటు సామాను విడిగా, మనమే మోసి మనమే వేయాలి. ముందు రోజు అది మూసి ఉంది కాబట్టి శుక్రవారం గేటు ముందు కార్ల బారు. పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిస్తామంటూ మైకులో అరుచుకుంటూ వీధిలోకొచ్చే బండి నాకు ఎంత గుర్తొచ్చిందో చెప్పలేను. మధ్యాహ్నం కిటికీల చెక్క తలుపులకి రంగు. ఉన్న నీలం రంగే మళ్లీ వేశాం, వేరే రంగు వేయాలంటే మునిసిపాలిటీకి ముందుగా అర్జీ పెట్టుకోవాలి. పెయింటర్‌ని పెట్టుకోవచ్చు కదా అంటారేమో, ఇక్కడ కనీస వేతనమే గంటకి దాదాపు 12 యూరోలు, పెయింటర్ చెప్పే రేటు దానికంటే చాలా ఎక్కువుంటుంది. అందుకే ప్రతి మగాడూ యూట్యూబ్ చూసి సగం ప్లంబరు, పావు ఎలక్ట్రీషియను అవుతాడు. మిగతా పావు ఏమవుతాడో వాళ్లావిడకి తెలుసు.

శనివారం భోజనానికి నాలుగు తెలుగు కుటుంబాలు. ముందురోజు రాత్రే పిండి రుబ్బాను, మే కదా, పొద్దుటికి పొంగింది, అదే జనవరిలో అయితే ఓవెన్‌లో లైటు వేసి లోపల పెడితే గానీ పులవదు. చుక్కకూర ఇక్కడ దొరకదు, ఒజేయ్ అని పులుపు ఆకు ఒకటి బజార్లో అమ్ముతారు, చుక్కకూర జాతిదే, కందిపప్పులో వేస్తే ఎవరూ కనిపెట్టలేరు. అత్తయ్య కూడా రెండోసారి వడ్డించమన్నారు, అంతకుమించి సర్టిఫికెట్ అక్కర్లేదు. పద్దెనిమిది మంది తిన్న గిన్నెలు. మగవాళ్లు తోముతామని లేచారు, నిజమే, తోమారు కూడా, సింకు దగ్గర ఫొటో దిగేదాకా తోమారు. ఆదివారం బట్టలు, పెద్దదాని ప్రాజెక్టు, చిన్నాడి సైకిలు పంక్చరు, మళ్లీ పదింటికి వీధంతా గుర్రు.

ఇప్పుడు పెద్దాయన గారి మాటకొస్తాను. మన దగ్గర 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో అన్నారు, ఆదివారాలు కూడా చేయాలని, 90 గంటలు చేయాలని ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారి మాట 2025 జనవరిలో బయటికొచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది, జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకి 10 గంటలు చేయించుకోవచ్చంది. సరే. పదిగంటలు ఆఫీసులో, రెండు గంటలు హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఉండే మనిషికి పొద్దున్నే క్యారేజీ ఎవరు కట్టారు? ఇస్త్రీ చొక్కా బీరువాలోకి ఎలా వచ్చింది? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే చూడండి, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అసలు చేయని మగవాళ్లు ఈ సగటులో లేరు, గమనించండి. అంటే ఆ 70 గంటలు ఒక మనిషివి కాదు, ఆయనవి కొన్ని, ఇంట్లో ఆవిడవి కొన్ని, పనిమనిషివి కొన్ని. పేరు మాత్రం ఆయనది.

ఫ్రాన్స్‌లో అంతా సమానం అని నేను అనట్లేదు, ఇక్కడా ఇంటిపని ఆడవాళ్లే ఎక్కువ చేస్తారు, మా ఇంట్లోనూ అంతే, గడ్డి కోసినంత హడావిడి గిన్నెలు తోమడానికి ఉండదు. కానీ తన ఇంటిపని తనే చేసుకోవాల్సిన మనిషికి దానికి టైమివ్వాలని ఇక్కడ వ్యవస్థకి తెలుసు. సెలవులు తగ్గిద్దామన్న ఆలోచన ఇక్కడా వచ్చింది. 2003 ఎండాకాలంలో వడగాడ్పులకి దాదాపు 15 వేల మంది చనిపోయాక, ముసలివాళ్ల సంరక్షణకి డబ్బు కోసం అదనపు జీతం లేకుండా ఒక రోజు పనిచేయాలని 2004లో చట్టం చేశారు, దానికి జనం సణుగుతూనే సర్దుకున్నారు. 2025 జులైలో అప్పటి ప్రధాని బాయ్‌రూ ఈస్టర్ సోమవారం, మే 8 రెండూ తీసేద్దామన్నారు. సెప్టెంబరులో ఆయన ప్రభుత్వమే పడిపోయింది, తర్వాత వచ్చినాయన ఆ ఆలోచన మానుకున్నామని చెప్పేశారు.

మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ ఇంటికి వారానికి రెండుసార్లు పని చేయడానికి ఒకామె వస్తుంది. ఆమెకి రాతకోతల ఒప్పందం ఉంది, ఏడాదికి ఐదు వారాల జీతంతో కూడిన సెలవుంది, ఆమెకిచ్చే దాంట్లో సగం ముసలావిడకి పన్నులో వెనక్కొస్తుంది. ఆ నాలుగు రోజులూ ఆమె రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఈ మాట నేను శనివారం రాత్రి ఇంట్లో అన్నాను, అక్కడే గొడవ మొదలైంది. అత్తయ్య మూడు నెలలు ఇక్కడ ఉంటున్నారని తెనాలిలో పనిమనిషికి జీతం ఆపేశారు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న మనిషి. "పనే లేనప్పుడు జీతమేంటమ్మాయ్" అన్నారు. "మొన్న గురువారం మీ అబ్బాయి గడ్డి కోసుకుంటుంటే కంపెనీ వాళ్లు జీతం ఇచ్చారు కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఈయన వైపు చూశారు, ఈయన సైకిలు ట్యూబు వైపు చూశారు. చాలాసేపయ్యాక, "సగం పంపిస్తాలే" అన్నారు. మిగతా సగం మీద వాదన ఇంకా తేలలేదు. 25న మళ్లీ సెలవుంది కదా, ఆ రోజు చూస్తాను.

— ఒక పాఠకురాలు, తులూజ్, ఫ్రాన్స్