డేటా ప్రైవసీ పని నల్గొండలో, పాలమూరులో నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మా నల్గొండలో డిగ్రీ అయిపోయిన పిల్లల్ని ఏం చేస్తున్నావని అడిగితే రెండే జవాబులు వస్తున్నాయి, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా అని, లేదంటే అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తున్నా అని. బీకాం, బీఏ, ఎల్‌ఎల్‌బీ చదివినవాళ్లకు సరిపోయే పని ఒకటి తయారవుతుంటే దాని గురించి చెప్పేవాళ్లే లేరు. అది డేటా ప్రైవసీ, అంటే జనం వ్యక్తిగత వివరాలను కాపాడే పని. నేను హైదరాబాద్‌లో ఈ పనే చేస్తున్నాను, చదివింది మాత్రం నల్గొండలో బీకాం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ 2017 ఆగస్టులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, అసలు బాధ్యతలు 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. డేటాను సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. ఇదంతా గచ్చిబౌలి కంపెనీల సంగతి, మనకేంటి అనుకోవద్దు. పేషెంట్ల రిపోర్టులు కంప్యూటర్లో పెట్టుకునే మిర్యాలగూడ నర్సింగ్ హోమూ, పిల్లల వివరాలు ఎక్కించుకునే జడ్చర్ల జూనియర్ కాలేజీ కూడా దీని కిందికే వస్తాయి.

"అక్కా, కోడింగ్ రావాలా?" అని జూనియర్లు ముందు అడిగేది ఇదే. చాలా పనులకు అక్కర్లేదు. ఒక ఆస్పత్రి ఓపీ ఫారం తీసుకోండి. అందులో ఆధార్ నంబర్ ఎందుకు అడుగుతున్నారు? రాసింది ఎవరి కంప్యూటర్‌లోకి పోతోంది? ల్యాబ్ వాళ్లకు వాట్సాప్‌లో పంపుతున్నారా? పేషెంట్ వెళ్లిపోయాక ఎన్నేళ్లు ఉంచుతారు, తీసేయమంటే ఎవరు తీస్తారు? ఇవన్నీ కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ల నుంచి డాక్టర్ దాకా అందర్నీ అడిగి ఎక్సెల్ షీట్‌లో వరసగా రాయాలి, దీన్నే డేటా మ్యాపింగ్ అంటారు, మొదటి ఉద్యోగంలో ఎక్కువగా చేయించేది ఇదే. ఆడిట్‌లో ఓచర్ లేని ఖర్చును పట్టుకున్నట్టే కారణం లేకుండా తీసుకున్న వివరాన్ని పట్టుకోవాలి, బీకాం పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. లా చదివినవాళ్లకు ఒప్పందాలు చూసే పని ఉంటుంది. 18 ఏళ్ల లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి, కొన్ని మినహాయింపులున్నాయి, ఏ కాలేజీకి ఏది వర్తిస్తుందో చదివి చెప్పేవాళ్లు కావాలి కదా.

ఇంకొక మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో కోరుకున్నదాంట్లోనో చదువుకునే వీలు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అందులో తెలుగు ఉంది. దేవరకొండ రైతుకు, నారాయణపేట అమ్మకు అర్థమయ్యేలా ఆ నోటీసు రాయాలంటే ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే కావాలి. తెలుగు మీడియం అని మన పిల్లలు ఇంటర్వ్యూల్లో తల దించుకుంటారు, ఈ పనిలో ఆ తెలుగే పనికొస్తుంది.

కోర్సుల పేరుతో డబ్బులు పోగొట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నా. చట్టంలో ఉన్నవి 44 సెక్షన్లే, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ముందు అది చదవండి. సీఐపీపీ లాంటి అంతర్జాతీయ ప్రైవసీ పరీక్షల ఫీజు డాలర్లలో ఉంటుంది, అది ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ పెట్టిన డీఎస్‌సీఐ (డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) వాళ్ల సర్టిఫికెట్ కూడా ఉంది. గ్యారంటీ జాబ్ అని వేలకు వేలు అడిగేవాళ్ల దగ్గరికి పోకండి.

డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల (దోస్త్) టైంలో మా టౌన్‌లో ఒక నెట్ సెంటర్‌కు పోయాను. కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచే ఉంది, ఎవరెవరివో ఆధార్‌లు, పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు, ఒకరి బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ కూడా, పక్కన కూర్చున్న ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోవచ్చు. ఆ అన్న చెడ్డవాడేం కాదు, పని కాగానే తీసేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పాల్సినవాళ్లను తయారుచేయకుండా చట్టం ఎంత గట్టిగా రాసుకుంటే ఏం లాభం?

అందుకే అడుగుతున్నా. నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ వచ్చే విద్యా సంవత్సరం నుంచే బీకాం, బీఏలో డేటా ప్రైవసీని ఒక పేపర్‌గా పెట్టాలి, సిలబస్ తెలుగులో కూడా ఇవ్వాలి. నల్గొండ ఐటీ హబ్‌లో, మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి ఐటీ టవర్‌లో టాస్క్ (రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ) వాళ్లు ఒక చిన్న బ్యాచ్‌తో మొదలుపెట్టొచ్చు. రెండు జిల్లాల కలెక్టర్లు ప్రభుత్వ ఆఫీసుల్లో ఏ వివరాలు ఎక్కడున్నాయో రాసే పనిని డిగ్రీ పిల్లలకు స్టైపెండ్ ఇచ్చి అప్పగించాలి, గోప్యత పాటిస్తామని ముందే రాయించుకుని, ఒక ఆఫీసర్ కింద పెట్టి. వాళ్లకు అనుభవం వస్తుంది, ఆఫీసులకు 2027 మే లోపు లెక్క తేలుతుంది. వైస్ ఛాన్సలర్లు ఇద్దరూ దీనికి మీ పేపర్‌లోనే జవాబు ఇస్తే బాగుంటుంది.

ఒక పాఠకురాలు,
నల్గొండ