ఆదివారం క్లాసుకి తలా ఒక చెయ్యి వేసిన అందరికీ

మొన్న ఆదివారం అనంతపురంలో పెట్టిన ఇన్ఫెక్షన్ల కేస్ కాన్ఫరెన్స్ బాగా జరిగిందని ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. అందరికీ నమస్కారం. మెచ్చుకోలు నాకు చెబుతున్నారు గానీ అందులో నా వాటా తక్కువే. ఎవరు ఏం చేశారో రాయకపోతే నాకు తోచదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నేను ఈ ఊరివాణ్ణే. ఎండీ జనరల్ మెడిసిన్ అయ్యాక బెంగళూరులో ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (క్రిముల వల్ల వచ్చే జబ్బులు) ఎఫ్‌ఎన్‌బీ చేస్తున్నాను. రెండేళ్ల ఫెలోషిప్ ట్రైనింగ్. వార్డు పని ఒక ఎత్తు, వారం వారం జరిగే క్లాసులు ఒక ఎత్తు. లెక్చర్లుంటాయి, కొత్త పరిశోధనల్ని చదివి చర్చించే జర్నల్ క్లబ్ ఉంటుంది, ల్యాబ్‌లో కూర్చుని క్రిముల్ని పెంచే కల్చర్ ప్లేట్లు చూడడం ఉంటుంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది కేస్ కాన్ఫరెన్స్. ఒకరు కేసు చెబుతారు, జబ్బు పేరు మాత్రం దాచిపెడతారు. చర్చించే డాక్టరుకి కూడా అదేమిటో తెలియదు. వివరాలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే తనకి ఏ జబ్బు అనిపిస్తోందో, ఎందుకనిపిస్తోందో అందరి ముందూ చెప్పుకుంటూ పోవాలి. ఈ పద్ధతి మన ఊళ్లో డాక్టర్లకి, పీజీలకి చూపించాలని నా కోరిక. మా ప్రొఫెసర్ మేడంని అడిగితే, "పెట్టు, కానీ కేసు మీ ఊరిదే అయ్యుండాలి" అన్నారు. ఆదివారం సెలవు వదులుకుని, తెల్లారకముందే కారెక్కి, తోటి ఫెలోస్‌ని వెంటబెట్టుకుని మరీ వచ్చారు. మేడం, మీకు ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

ఇక అసలు మనిషి. ఆయన పేరు, ఊరు రాయను. గొర్రెలు కాసే పెద్దాయన. నెలల తరబడి సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా చెమటలు, కూర్చుంటే లేవలేనంత నడుము నొప్పి. ఎమ్మారైలో నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతిని ఉంది. ఆ స్కాన్ తెర మీద పడగానే హాల్లో సగం మంది "టీబీ" అన్నారు. మన దేశంలో ఆ మాట అనకపోతేనే ఆశ్చర్యం. చర్చించే వంతు మా తోటి ఫెలోది, పుట్టి పెరిగింది అంతా బెంగళూరే. వెన్ను టీబీ ఎక్కువగా ఎక్కడ పడుతుంది, నడుము కింది పూసలకే వస్తే ఇంకేమేం ఆలోచించాలి అని చక్కగా చెప్పుకొచ్చి, "ఈయన ఏం పని చేస్తారు?" దగ్గర ఆగాడు. గొర్రెలు అని తెలిశాక ఇంకా ఏమడగాలో అతనికి తోచలేదు.

అప్పుడు వెనక వరుసలోంచి లేచింది ఒక హౌస్ సర్జన్ అమ్మాయి. వాళ్లింట్లోనూ మంద ఉందట. "పెద్దాయనా, ఈ ఏడు మీ మందలో గొర్రెలు ఏమన్నా ఈసుకుపోయినాయా?" అని అడిగింది. ఈసుకుపోవడం అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోవడం. ముందు వరుసలో కొడుకు పక్కన కూర్చున్న పెద్దాయన, "శానా పోయినాయమ్మా. మాయ పడకుంటే నేనే చెయ్యి పెట్టి తీస్తా. ఇంగెవరు తీస్తారు?" అన్నాడు. మా మేడం పెన్ను కింద పెట్టేసి వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూశారు. బ్రూసెల్లా అనే క్రిమి వల్ల, ఇలా ఈసుకుపోయిన గొర్రెల మాయ ముట్టుకున్నా మనుషులకి అంటే బ్రూసెల్లోసిస్ అని ఆ తర్వాత వేరే చెప్పక్కర్లేకపోయింది. అమ్మా, నువ్వు అడిగిన ఆ ఒక్క ప్రశ్న నా స్లైడ్లన్నిటికంటే ఎక్కువ పని చేసింది. పెద్దాయనా, పదిమంది ముందు కూర్చుని నీ జబ్బు సంగతి చెప్పడానికి ఒప్పుకున్నందుకు దండం.

మేడం ఇక్కడ చెప్పిన ఒక విషయం రాసుకోవాల్సిందే. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి టీబీ మందులకి నొప్పి కాస్త తగ్గిందని అది టీబీయే అని తేల్చెయ్యకూడదు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది. వెన్నుకి పట్టిన బ్రూసెల్లాకి డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందో రెండో కలిపి కనీసం మూడు నెలలు వాడాలి. మామూలు బ్రూసెల్లాకి చెప్పే ఆరు వారాలు దీనికి చాలవు.

ల్యాబ్ టెక్నీషియన్ అన్నకి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్టేజి ఎక్కమంటే ససేమిరా అన్నాడు, బతిమాలితే వచ్చాడు. పెద్దాయన రక్తం పరీక్షలో మొదటి గొట్టాలు నెగటివ్‌గానే కనబడ్డాయట. యాంటీబాడీలు, అంటే క్రిమి మీద ఒళ్లు తయారుచేసుకునేవి, మరీ ఎక్కువగా ఉంటే సీరం (రక్తంలోని నీళ్లలాంటి భాగం) తక్కువ పలచన చేసిన గొట్టాల్లో అలాగే మోసం చేస్తుంది. ప్రోజోన్ అంటారు దాన్ని. అన్న అక్కడితో ఆపకుండా ఇంకా పలచన చేసుకుంటూ పోయాడు, ఆ పై గొట్టాల్లో పాజిటివ్ తేలింది. ఇంకో మాట కూడా అన్నాడు: "సార్, అనుమానం ఉంటే ఫారం మీద బ్రూసెల్లా అని రాసి పంపండి. కల్చర్‌లో ఆ క్రిమి పెరిగితే దాన్ని పీల్చేది మేమే." ఈ జబ్బు ల్యాబ్ వాళ్లకి అంటడం కొత్తేమీ కాదు. ఆ మాటకి హాలంతా చప్పట్లు కొట్టింది, కొట్టాలి కూడా.

పశువైద్య శాఖ డాక్టర్ గారు పిలవగానే వచ్చారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల ఆడ దూడలకి, అంటే ఆవు, గేదె దూడలకి, బ్రూసెల్లా టీకా వేస్తున్నారని చెప్పారు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా, పొరపాటున సూది గుచ్చుకుంటే వేసేవాళ్లకే జబ్బు రావచ్చట. పశువుల డాక్టరు జ్వరంతో వస్తే ఆ సంగతి అడగమన్నారు. "మరి నా గొర్రెల్ని అమ్మేయాల్నా సార్?" అని పెద్దాయన అడిగితే, ఆయనే ఓపిగ్గా పక్కన కూర్చుని గ్లౌజులు వేసుకోవడం, మాయని కుక్కలు లాగకుండా సున్నం వేసి లోతుగా పూడ్చడం, పాలు కాచి తాగడం, అన్నీ విడమరిచి చెప్పారు. ఆ పని మాలో ఎవరికీ చేతనయ్యేది కాదు.

భోజనాలకి ముందు జర్నల్ క్లబ్. స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగులు కుట్టి వచ్చే జ్వరం) మీద 2023లో వచ్చిన ఇంట్రెస్ట్ ట్రయల్, మన దేశంలోనే చేసింది. ముదిరిన కేసుల్లో డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 47 శాతం మందికి, అజిత్రోమైసిన్ ఒక్కటే అయితే 48 శాతం మందికి చావు గానీ, తగ్గని జ్వరం గానీ, వదలని కాంప్లికేషన్లు గానీ మిగిలాయి. రెండూ కలిపి ఇస్తే అది 33 శాతం. "చావులు విడిగా లెక్కేస్తే పెద్ద తేడా లేదు కదా సార్" అని ఒక పీజీ పట్టుకున్నాడు. నిజమే, లేదు. శభాష్ తమ్ముడూ.

మందుల కంపెనీ బ్యానర్ లేకుండా సీఎంఈ (డాక్టర్ల క్లాసు) నడుస్తుందా అని కొందరు నవ్వారు. నడిచింది. హాలు ఉచితంగా ఇచ్చిన సీనియర్ సార్‌కి, కరెంటు పోగానే జనరేటర్ దగ్గరికి పరిగెత్తిన వాచ్‌మన్‌కి, పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, బజ్జీ పెట్టిన అక్కకి మా బెంగళూరు వాళ్ల తరఫున కూడా థ్యాంక్స్. బజ్జీలు ఎక్కడ దొరుకుతాయని ఇంకా అడుగుతున్నారు.

పెద్దాయన మందులు వాడుతున్నాడు, జ్వరం లేదు, లేచి నడుస్తున్నాడు. స్లైడ్లు కావాలన్నవాళ్లకి స్కాన్ మీద పేరు తీసేసి పంపిస్తాను.

తర్వాతి క్లాసుకి కేసు తనదేనని కర్నూలు నుంచి ఒక సార్ నిన్న ఫోన్ చేశారు. ఉత్సాహంగా జబ్బు పేరు చెప్పబోతుంటే మధ్యలోనే ఆపాను. ఈసారి చర్చించే వంతు నాది.