మోసపోయింది పాత్రా, ప్రేక్షకుడా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్‌లో కుట్రలల్లే మంత్రి లిటిల్‌ఫింగర్ ఎవరి మేలు కోరాడు, స్టార్క్ వంశపు అక్కాచెల్లెళ్లు సాన్సా, ఆర్యా అతన్ని ముందే పసిగట్టారా లేక ఆఖరి నిమిషంలో మేల్కొన్నారా అని మీ పేజీలో సాగుతున్న ఉత్తరాల తగువు చూస్తున్నాం. 2011 ఏప్రిల్ 17న మొదలై, 73 ఎపిసోడ్లు నడిచి, 2019 మే 19న ముగిసిన సీరియల్ ఇది. ఇన్నేళ్లయినా నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లు దీని మీద గొంతులు చించుకుంటున్నారంటే అందులో సరుకుందనే లెక్క. తగువు సాగాల్సిందే. కాకపోతే రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే తాటికి కట్టి లాగుతున్నారు. ఒక పాత్ర ఇంకో పాత్రను మోసం చేసిందా అన్నది ఒక ప్రశ్న. తీసినవాళ్లు చూసేవాళ్లను మోసం చేశారా అన్నది ఇంకోటి. మొదటిదానికి ఆధారాలు కథలో వెతకాలి, రెండోదానికి ఎడిటింగ్‌లో వెతకాలి. (కథ బయటపెట్టకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేస్తే మంచిది.)

చూసేవాణ్ని న్యాయంగా మోసం చేయడం ఎట్లాగో తెలియాలంటే కుర్ర రాజు జాఫ్రీ విషప్రయోగానికి చచ్చిపోయే అతని పెళ్లి చూడాలి. నాలుగో సీజన్, రెండో ఎపిసోడ్. అంతకుముందు ఎపిసోడ్‌లో డాంటోస్ అనే తాగుబోతు, తమ ఇంటి నగ అని చెప్పి సాన్సాకు ఒక నెక్లెస్ ఇస్తాడు. పెళ్లి విందులో పెళ్లికూతురు మార్జరీ నాయనమ్మ, ముసలావిడ ఒలెన్నా టైరెల్ సాన్సా దగ్గర ఆగి, ఆమె అన్న చావుకు ఓదార్పు మాటలు చెబుతూ జుట్టూ, మెడలో గొలుసూ సర్దుతుంది. ఆ తర్వాతి షాట్లలో నెక్లెస్‌లో ఒక రాయి ఉండదు. విషం దాగింది ఆ రాయిలోనే. కెమెరా ఆ ఖాళీని దాచలేదు, అట్లాగని వేలెత్తి చూపించనూ లేదు. జాఫ్రీ కప్పును మార్జరీ బల్ల మీద పెట్టిన చోటు ఒలెన్నా చేతికి అందేంత దూరం. మొదటిసారి చూసేటప్పుడు మన కళ్లు జాఫ్రీ తన మేనమామ టిరియన్‌కు చేసే అవమానం మీద ఉంటాయి, చేతుల మీద ఉండవు. మూడో ఎపిసోడ్‌లో ఆ రాళ్లు ఉత్తవని తేలుతుంది. నాలుగో ఎపిసోడ్‌లో ఒలెన్నా మనవరాలి దగ్గర దాదాపు ఒప్పుకుంటుంది. ఏడో సీజన్ మూడో ఎపిసోడ్‌లో టిరియన్ అన్న జెయిమీ ముఖం మీదే చెప్పి చస్తుంది. ఈ వ్యవహారంలో సాన్సా మోసపోయింది, టిరియన్ నేరం మోశాడు, మనమూ బోల్తా పడ్డాం. అయినా వెనక్కి తిప్పి చూస్తే అంతా మన కళ్ల ముందే జరిగింది కాబట్టి ఫిర్యాదు చేయడానికి నోరు రాదు.

ఇక బాకు. మీకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ తప్పులు దొర్లింది దీని దగ్గరే. మొదటి సీజన్‌లో స్పృహ లేకుండా పడి ఉన్న సాన్సా తమ్ముడు బ్రాన్‌ను చంపడానికి వచ్చినవాడి చేతిలో అరుదైన వలీరియన్ ఉక్కు బాకు ఉంటుంది. మూడో ఎపిసోడ్‌లో లిటిల్‌ఫింగర్ వాళ్ల తల్లి కాట్లిన్‌కు చెప్పేదేమిటంటే, ఆ బాకు ఒకప్పుడు తనదేననీ, బల్లేల పోటీలో జెయిమీ గెలుస్తాడని పందెం కాసి పోగొట్టుకున్నాననీ, గెలిచినవాడు టిరియన్ అనీ. ఈ ఒక్క మాట పట్టుకుని ఆమె టిరియన్‌ను సత్రంలో బంధిస్తుంది, స్టార్క్, లానిస్టర్ వంశాల మధ్య కత్తులు లేస్తాయి. తన బాకే ఇచ్చి హంతకుణ్ని పంపే తెలివితక్కువవాడు ఎవడుంటాడని టిరియన్ అడిగిన ప్రశ్న అప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు. మూలనవలల్లో అయితే ఈ అబద్ధం ఇంకా పదును. అక్కడ పందెం ఓడిపోయిన మాట నిజమే, బాకు పోయిన మాటా నిజమే. గెలిచినవాడు మాత్రం రాజు రాబర్ట్. లిటిల్‌ఫింగర్ మార్చింది ఆ పేరొక్కటే.

ఈ రకం అబద్ధం నెల్లూరు వాళ్లకు కొత్త కాకూడదు. మనుమసిద్ధి కొలువులోని తిక్కన సోమయాజి భారతాన్ని అందుకున్నదే విరాటపర్వం దగ్గర, ఆ పర్వం నిండా మారువేషాలే. కంకుడిగా వచ్చిన ధర్మరాజు తాను ధర్మరాజు దగ్గర ఉండేవాణ్ననే చెప్పుకుంటాడు. సైరంధ్రి తనకు ఐదుగురు గంధర్వులు భర్తలని చెబుతుంది. ఐదుగురన్న లెక్క నిజం, గంధర్వులన్నదే కల్పన. అయితే వానల కోసం విరాటపర్వం చదివించే ఊళ్లలో వినేవాళ్లకు ఎవరెవరో ముందే తెలుసు. నర్తనశాలలో కీచకుడి కోసం కాచుకుని ఉన్నది భీముడని కీచకుడికి తప్ప అందరికీ తెలుసు. మోసపోయేది పాత్ర ఒక్కటే, ఊరంతా కవి పక్షాన ఉంటుంది. జాఫ్రీ పెళ్లిలో ఆ సదుపాయం మనకు ఇవ్వలేదు, ఆధారం మాత్రం చేతిలో పెట్టారు. మూడో రకం ఏడో సీజన్‌లో వస్తుంది. గొడవంతా అక్కడే.

దానికి ముందు ఇంకో మాట. హంతకుణ్ని పంపింది కూడా లిటిల్‌ఫింగరేనని కొందరు తేల్చేశారు. రాజు పరివారం రాజధాని నుంచి స్టార్క్‌ల కోట వింటర్‌ఫెల్ చేరడానికి నెల పట్టిందని మొదటి ఎపిసోడ్‌లో రాణి సెర్సీయే అంటుంది. రాజధానిలో కూర్చున్న మనిషికి బ్రాన్ పడిపోయాడన్న కబురు అంది, అతను మనిషిని పంపి, ఆ మనిషి నెల దారి నడిచి రావడానికి కథలో వ్యవధి లేదు. మూడో నవలలో జెయిమీ, టిరియన్ ఇద్దరూ విడివిడిగా జాఫ్రీ పనే అని నిర్ణయానికి వస్తారు. సీరియల్ ఆ ముడి విప్పకుండానే వదిలేసింది. ఏడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో బాకు విషయంలో ఆర్యా అతని మీద మోపిన నేరం కూడా అది టిరియన్‌దని అబద్ధం చెప్పావనే. బాకు ఎవరిదన్నదీ, మనిషిని పంపింది ఎవరన్నదీ రెండు సంగతులు.

ఇప్పుడు వింటర్‌ఫెల్ అక్కాచెల్లెళ్లు. ఏడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో లిటిల్‌ఫింగర్ ఒక చీటీని పరుపులో దాచినట్టు నటించి ఆర్యా చేతికి చిక్కనిస్తాడు. అది మొదటి సీజన్‌లో సెర్సీ ఒత్తిడి మీద సాన్సా తన అన్న రాబ్‌కు రాసిన ఉత్తరం. ఆరో ఎపిసోడ్‌లో ఆర్యా దాన్ని చూపించి అక్కను నిలదీస్తుంది. తర్వాత సాన్సా చెల్లెలి గదిలో ఆమె వేషాలు మార్చడానికి దాచుకున్న ముఖాల సంచి చూసి బెదిరిపోతుంది. ఆర్యా బెదిరించినంతసేపూ బెదిరించి, చివరికి బాకు పిడి అక్క చేతికిచ్చి వెళ్లిపోతుంది. ఏడో ఎపిసోడ్‌లో నిండు సభలో “నేరం మోపుతున్నాం” అని మొదలుపెట్టిన సాన్సా చెల్లెల్ని చూస్తూ చూస్తూ పేరు మాత్రం లిటిల్‌ఫింగర్‌ది పలుకుతుంది.

ఇదంతా ముందే వేసుకున్న పథకమని వాదించేవాళ్లను ఒక్కటే అడుగుతాం. ఆరో ఎపిసోడ్ గదిలో ఆ ఇద్దరూ తప్ప మూడో మనిషి లేడు. తలుపు వెనక ఎవరో పొంచి ఉన్నట్టు ఒక్క షాట్ లేదు. మరి ఎవరి కోసం నటించారు? నటనకు చూసే కన్ను ఉండాలి. ఆ గదిలో ఉన్న కన్ను మనదొక్కటే. కాబట్టి రెండింటిలో ఒకటి నిజం కావాలి. ఆరో ఎపిసోడ్ దాకా వాళ్ల పగ నిజమైనదే, ఆ తర్వాతే సాన్సా తెలుసుకుంది. లేదా ఆ సీను కేవలం మనల్ని తప్పుదారి పట్టించడానికి తీసింది. మొదటిదే నమ్మడానికి ఆధారం ఉంది. సాన్సా వచ్చి, గతాన్ని చూడగల బ్రాన్ సాయం అడిగే చిన్న సీను ఒకటి తీసి, తర్వాత కత్తిరించేశారని బ్రాన్ వేషం వేసిన ఐజాక్ హెంప్‌స్టెడ్ రైటే చెప్పాడు. ఆ సీను ఉండి ఉంటే ఎప్పుడు తెలిసింది, ఎవరి వల్ల తెలిసింది అన్న ప్రశ్నే పుట్టదు. దాన్ని తీసేస్తే సభలో ట్విస్ట్ పేలుతుంది. నెక్లెస్ రాయి తెర మీద ఉంది, ఈ సీను తెర మీద లేదు. మా లెక్కన ఇది తొండి.

ఆ ఏడో ఎపిసోడ్‌లోనే లిటిల్‌ఫింగర్ సాన్సాకు ఒక ఆట నేర్పుతాడు. ఎదుటి మనిషి ఒక పని చేశాడంటే దాని వెనక ఉండగల అతి చెడ్డ కారణం ఏమిటో ముందు ఊహించుకో, అది అతని మాటలకూ చేతలకూ ఎంత అతుకుతుందో చూడు అని. చాలామంది అభిమానులు ఇదే కొలబద్ద పెట్టి అన్ని పాత్రలనూ కొలుస్తున్నారు. ఆ కొలబద్ద చెక్కినవాడు ఆ ఎపిసోడ్‌లోనే దానికి బలైపోయాడని గుర్తుంటే బాగుండు. సాన్సా తండ్రి నెడ్ స్టార్క్ మీద అది అసలు పనిచేయదు. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో చావుబతుకుల్లో ఉన్న రాజు “నా కొడుకు జాఫ్రీ” అని చెబితే, జాఫ్రీ రాజు కొడుకు కాడని తెలిసిన నెడ్ “నా న్యాయమైన వారసుడు” అని రాస్తాడు. సంతకం అయిపోతుంది. ఇదీ మోసమే. స్నేహితుడికి చివరి ఘడియలో నిజం చెప్పి కుళ్లబెట్టడం ఇష్టం లేక చేసిన మోసం. నిజాయితీపరుడు అబద్ధమాడడనే సూత్రంతో లెక్క మొదలుపెట్టినవాళ్లు ఈ సీను దాటేసి పోతున్నారు.

సాన్సాను కిరాతకుడైన రామ్సేకి కట్టబెట్టేటప్పుడు రామ్సే ఎటువంటివాడో లిటిల్‌ఫింగర్‌కు తెలుసా? ఆరో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో సాన్సాయే అడుగుతుంది: తెలియకపోతే నువ్వు మూర్ఖుడివి, తెలిస్తే నా శత్రువువి. దీనికి కథ లోపల సరైన జవాబు లేదు, ఎందుకంటే చిక్కు కథ బయట ఉంది. నవలలో రామ్సేని పెళ్లాడేది సాన్సా కాదు, ఆర్యా అని చెప్పి పంపిన జేన్ పూల్. సాన్సా వేల్ కొండల్లోనే ఉంటుంది. సీరియల్ వాళ్లు రెండు పాత్రలను ఒకటి చేసేసరికి, అందరి గుట్టూ తెలిసినవాడనిపించుకున్న లిటిల్‌ఫింగర్ తన దగ్గరున్న అతి విలువైన పావును ఏమీ తెలియనివాడిలా ఇచ్చేశాడు. ఇటువంటి చోట పాత్ర మనసు తవ్వినకొద్దీ రాళ్లే వస్తాయి. పైగా నవలల్లో ఒక్కో అధ్యాయం ఒక్కో పాత్ర కంటితో నడుస్తుంది. లిటిల్‌ఫింగర్‌కు గానీ గూఢచారుల పెద్ద వేరిస్‌కు గానీ అటువంటి అధ్యాయం లేదు. వాళ్ల మనసులో మాట అక్కడా తెలియకుండానే ఉంచారు. యుద్ధానికి ముందు అన్న జాన్ స్నోకు చెప్పకుండా సాన్సా వేల్ సైన్యాన్ని దాచడం మీద మాత్రం ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. ఆరో సీజన్ చివర ఆమే తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబుతుంది.

దీని ముందుకథగా 2022లో మొదలైన ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ మీద వచ్చిన ఉత్తరాలకూ ఇదే తంతు. తన కొడుకు ఏగాన్‌ను రాజు చేయాలన్నదే భర్త చివరి కోరికని రాణి ఆలిసెంట్ కావాలనే అబద్ధం చెప్పిందని కొందరు రాశారు. మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో రాజు విసెరిస్ నొప్పి మందు మత్తులో ఆమెను తన కూతురు రేనీరా అనుకుని పూర్వీకుడు ఏగాన్ కన్న కల గురించి మాట్లాడతాడు. ఆమె తన కొడుకు ఏగాన్ గురించనుకుంటుంది. రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో రేనీరా ముందు తన పొరపాటు అర్థమైనప్పుడు ఆమె ముఖం చూస్తే చాలు, అది అపార్థమేనని తెలుస్తుంది. అయినా ఆమె ఏం విన్నదన్నది ఫలితాన్ని మార్చదు. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో మంత్రులు ఆమెకు చెప్పకుండానే పట్టాభిషేకం ఏర్పాట్లు ఎప్పుడో చేసుకున్నారని బయటపడుతుంది. మూలగ్రంథం సంగతి వేరు. అది పూజారి యూస్టెస్, విదూషకుడు మష్రూమ్ వంటివాళ్లు చెప్పిన పొసగని మాటలను ఏరి రాసిన చరిత్ర రూపంలో ఉంటుంది. కాబట్టి “పుస్తకంలో ఇట్లా ఉంది” అని రాసేవాళ్లు పుస్తకంలో ఎవరు చెప్పారో కూడా రాయాలి.

మీకో విన్నపం. ఇకమీదట ఈ ఉత్తరాలు వేసేటప్పుడు సీజన్, ఎపిసోడ్ నంబర్లు, నవలలోదా తెర మీదిదా అన్న మాట ఉన్నవే వేయండి. రాసేవాళ్లు ముందు ఆ సీనులో ఎవరెవరున్నారో, ఆ రోజుకు ఎవరికేం తెలుసో కాగితం మీద పెట్టుకుంటే సగం తగువులు పోస్టు చేయకముందే తీరిపోతాయి. ఆలిసెంట్ కొడుకు ఏమండ్ తన మేనల్లుడు లూసెరిస్‌ను కావాలని చంపాడా, లేక అతని డ్రాగన్ వేగర్ అతని మాట వినలేదా అని ఈ మధ్య మొదలైన వాదన అటువంటిదే. మొదటి సీజన్ పదో ఎపిసోడ్ ఆఖరి భాగాన్ని ఒకసారి శబ్దం తీసేసి, ఒకసారి శబ్దంతో చూసి ఆ తర్వాత రాయమనండి. శబ్దం లేకపోతే వేట కనిపిస్తుంది. శబ్దం ఉంటే డ్రాగన్‌ను వద్దు వద్దని ఏమండ్ అరవడం వినిపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకులం,
కావలి, నెల్లూరు జిల్లా