మామ్మ బొటనవేలు

గుణుపురం దగ్గరి పల్లె, ఒడిశా
శనివారం

ఒరే శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నరైంది. తిట్టు, పడతాను. నాన్నకు మోకాలినొప్పి తగ్గింది, అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మిగతావి తర్వాత. నిన్న మన ఊళ్లో పల్లిసభ, అదే ఊరందరి సభ, జరిగింది, అది నీకు చెప్పేదాకా నాకు అన్నం సయించదు.

చెరువుగట్టు కింద మేతభూమి ఉంది కదా, అందులో ఓ మూల గోదాము కడతారన్నారు. తీర్మానం ఒడియాలో రెండు పేజీలు. గబగబా చదివేసి సంతకాలకు పుస్తకం తిప్పారు. మూలింటి మామ్మ వంతు వచ్చింది. అవునురా, చిన్నప్పుడు మన చింతపండు తగాదాలు తీర్చిన జడ్జిగారే! వేలికి సిరా అద్దారు. కాగితానికి జానెడు ఎత్తులో వేలు ఆపేసి, "ఇందులో ఏముందో తెలుగులో చెప్పు బాబూ, ఆ తర్వాతే ముద్ర" అంది. తర్వాత చెబుతాంలే అన్నారు. వేలు దిగలేదు. సిరా ఆరిపోయింది. మళ్లీ అద్దారు, మళ్లీ ఆరింది.

సభకు పెద్ద మన వార్డు మెంబరే, సవర ఆవిడ. పుస్తకం తెప్పించుకుని మొదటినుంచి తెలుగులో, సవరలో చెప్పించింది. మూల కాదురా, మేతభూమి మొత్తం రాసి ఉంది! అది కొట్టేసి కొత్త తీర్మానం రాసేసరికి చీకటి పడింది.

నేను అప్పటికే సంతకం పెట్టేశాను శీనూ. ఒడియా చదవడం వచ్చిన నేను, చదవకుండా. రాత్రి నిద్ర పట్టలేదు.

1996లో పెసా చట్టం, అంటే గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం, వచ్చింది, మనలాంటి షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని. 2013లో సుప్రీంకోర్టు చెబితే నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం సంగతి 12 ఊళ్ల సభలను అడిగారు, పన్నెండూ వద్దన్నాయి. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. వచ్చి ఏం లాభం?

అమ్మాయి పాఠంలో బెల్జియం ఉంది. అక్కడ ఫ్రెంచి మాట్లాడేవాళ్లు లెక్కకు తక్కువే, అయినా కేంద్రంలో ప్రధానిని పక్కనపెడితే డచ్చి మాట్లాడే మంత్రులెందరో ఫ్రెంచి మాట్లాడే మంత్రులూ అందరే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్నారట. ఆ పాఠం వింటుంటే నాకు మామ్మ వేలే కనబడుతోంది. మనకూ ప్రతి సభలో తీర్మానం మూడు భాషల్లో చదివి తీరాలని ముందే రాయించుకుంటే? వచ్చే సభలో నేనే లేచి అడుగుతాను. నువ్వూ పండక్కి రా, ఇద్దరం కలిసి...

పక్కింటి అబ్బాయి పలాస బయలుదేరాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. గోదాము ఎక్కడ కడతారో మళ్లీ రాస్తాను.

నీ
సూరి