నల్ల తెర ప్రోగ్రాంని పారేయనక్కర్లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో వారం వారం కొత్త కోర్సుల గురించి వేస్తున్నారు, బాగానే ఉంది, కానీ చేతిలో ఉన్న పాత ప్రోగ్రాంని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా తమ్ముడి ఎరువుల కొట్టుకి పదేళ్ల కిందట పైథాన్‌లో బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. నల్ల తెర మీద రైతు పేరు అడుగుతుంది, టైప్ చేసి ఎంటర్ కొడితే ఎన్ని బస్తాలు అంటుంది, ఆఖరికి బిల్లు ఇస్తుంది. ఇన్నేళ్లలో లెక్క తప్పలేదు. కొత్తగా చేరిన గుమాస్తా కుర్రాడికి మాత్రం ఆ నల్ల తెర చూస్తేనే టెన్షన్, విండో కావాలన్నాడు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లని అడిగితే మొత్తం మొదటి నుంచి రాయాలన్నారు. వాళ్ల రేటు విని నేనే కూర్చున్నాను.

టికింటర్‌లో (పైథాన్‌లో విండోలు, బటన్లు చేసే సాధనం) విండో పెట్టి, బటన్ నొక్కగానే పాత ఫంక్షన్ నడిచేలా చేశాను. విండో బిగుసుకుపోయింది, పైన ‘నాట్ రెస్పాండింగ్’. తప్పు నాదే. నల్ల తెర ప్రోగ్రాం ఒక ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా కదలదు. విండోలో అలా కుదరదు, మౌస్ ఎక్కడ నొక్కారు, ఏ కీ కొట్టారు, తెర మళ్లీ గీయాలా అని ఒక లూప్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. అది 5 సెకన్లు ఆగితే చాలు, విండోస్ ఆ ప్రోగ్రాం మీద ఆశ వదిలేసుకుంటుంది. కౌంటర్‌లో కూర్చునే మా తమ్ముడే గోడౌన్‌కి వెళ్లి బస్తాలు లెక్కపెడుతుంటే వచ్చిన రైతుకి బదులు చెప్పేదెవరు? గోడౌన్‌కి ఇంకో మనిషి కావాలి. థ్రెడ్ అంటే ఆ ఇంకో మనిషే.

పాత ప్రోగ్రాంని అలాగే తీసుకెళ్లి ఒక థ్రెడ్‌లో పెట్టాను. మధ్యలో రెండు క్యూలు, అంటే ఒకరు వేసింది ఇంకొకరు వరసగా తీసుకునే పెట్టెలు. పైథాన్‌లో తెర మీద వేసేది ప్రింట్, జవాబు తీసుకునేది ఇన్‌పుట్; అవే పేర్లతో నా సొంత ఫంక్షన్లు రాశాను: ప్రింట్ చేసేది ఒక క్యూలో పడుతుంది, విండో 100 మిల్లీసెకన్లకోసారి అందులోకి తొంగి చూసి తెర మీద వేస్తుంది. కుర్రాడు కొట్టిన జవాబు రెండో క్యూలోకి వెళ్తుంది, ఇన్‌పుట్ అక్కడ ఎంతసేపు కాచుకున్నా విండోకి ఇబ్బంది లేదు. లెక్కల కోడ్ ఒక్క లైను కూడా ముట్టుకోలేదు.

దెబ్బలూ తిన్నాను. థ్రెడ్ నుంచే నేరుగా విండోలో రాయబోతే ఒకసారి పనిచేసింది, ఒకసారి బిగుసుకుంది, రెండు రోజులు పోయాయి. విండోని దాని లూప్ తిరిగే థ్రెడ్ తప్ప ఇంకెవరూ తాకకూడదు (జావాలో విండోలు చేసే స్వింగ్‌లోనూ ఇదే నియమం). ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) కనెక్షన్ ఒక థ్రెడ్‌లో తెరిచి ఇంకో థ్రెడ్‌లో వాడితే ఎర్రర్ కొట్టింది, తెరవడం కూడా థ్రెడ్‌లోకే మార్చాను. విండో మూసినా లోపల థ్రెడ్ ఇన్‌పుట్ కోసం కాచుకునే ఉండేది. దాన్ని డీమన్‌గా, అంటే ప్రోగ్రాం ముగియగానే తానూ ఠక్కున ఆగిపోయే థ్రెడ్‌గా పెడితే పోతుంది గానీ బిల్లు సగం రాస్తుండగా పోతే? అందుకని మూసేటప్పుడు క్యూలో ‘ఇక చాలు’ అనే గుర్తు వేసి, దానంతటదే ముగించుకునేలా చేశాను.

ఇది అసలైన విండో ప్రోగ్రాం కాదని ఒప్పుకుంటాను, ఇప్పటికీ ప్రశ్న తర్వాత ప్రశ్నే, బస్తాలు తప్పు కొడితే వెనక్కి వెళ్లి దిద్దలేడు. అయినా పోయిన నెల నుంచి కొట్లో ఇదే నడుస్తోంది.

పక్కింటి డిప్లొమా కుర్రాడికి చూపిస్తే, “సీ ల్యాబ్‌లో నల్ల తెర, జావా ల్యాబ్‌లో విండోలు చేశామండీ, రెండూ కలపొచ్చని ఎవరూ చెప్పలేదు” అన్నాడు. ఒక వారం మీ పేజీలో ఇది వేయించండి, కోడ్‌తో సహా. పావు పేజీ చాలు.

— ఒక పాత పాఠకుడు, నరసరావుపేట